బ్రౌజరులో కనిపించు ఆట, బ్రౌజరు ఆడించు ఆట

నీటిలో నివసించు ప్రాణిని చేప అందురు అని ఒక విద్యార్థి పరీక్షలో వ్రాసినచో ఉపాధ్యాయుడు మార్కు ఇవ్వడు. కప్ప నీటిలో ఉన్నది, మొసలి ఉన్నది, తిమింగలము ఉన్నది. ఇవి చేపలు కావు. నివాసమును బట్టి చేసిన నిర్వచనము సులభముగా తోచును గాని, ప్రాణి ఎట్లు శ్వాసించునో, దాని దేహ నిర్మాణమెట్టిదో ఏమియు చెప్పదు. “బ్రౌజరు ఆట” అను మాటకు సాధారణముగా ఇచ్చుచున్న నిర్వచనము ఇట్టిదే. వెబ్ బ్రౌజరులో ఆడబడు వీడియో ఆట బ్రౌజరు ఆట అని చెప్పి ఊరకుందురు.

ఇది మాటలను గూర్చిన తగవు మాత్రమే అయినచో విడిచిపెట్టవచ్చును. కాని 2020 డిసెంబరు 31వ తేదీన అడోబీ కంపెనీ తన ఫ్లాష్ ప్లేయరుకు మద్దతును ముగించెను. 2021 జనవరి 12 నుండి ఆ ప్లేయరు తానే ఆటలను నడుపుటకు నిరాకరించెను. ఇరువది ఏండ్లకు పైగా లోకము బ్రౌజరు ఆటలని పిలిచిన వేలకొలది ఆటలు ఆ విధముగా ఆగిపోయినవి. ఆశ్చర్యమేమనగా, బ్రౌజరులకు ఏ హానియు కలుగలేదు. అవి మునుపటి కంటె వేగముగా, శక్తిమంతముగా పనిచేయుచునే ఉన్నవి. ఇల్లు చెక్కుచెదరకుండగా ఇంటివారు ఏల మాయమైరి? ఈ ప్రశ్నకు పై నిర్వచనము సమాధానము చెప్పలేదు. చెప్పలేని నిర్వచనమును మార్చుకొనవలసినదే.

బ్రౌజరు చేయు పని యేమో మొదట చూతము. మనము ఒక చిరునామాను టైపు చేసినంతనే బ్రౌజరు దూరమున ఉన్న సర్వరు అను కంప్యూటరును అడిగి కొన్ని ఫైళ్ళను తెచ్చుకొనును. ఇవి చాలవరకు అక్షరములతో వ్రాసిన సాదా పాఠములే. హెచ్.టి.ఎమ్.ఎల్. అను భాషలో పుటయందలి భాగములు, సి.ఎస్.ఎస్. అను భాషలో వాని రంగులు, పరిమాణములు, స్థానములు వ్రాయబడి ఉండును. మూడవది జావాస్క్రిప్టు. దీనిని నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ 1995లో పది దినములలో రూపొందించెను. పుట కదలుటకు, మీట నొక్కినచో స్పందించుటకు, లెక్కలు కట్టుటకు ఈ భాషయే ఆధారము. బ్రౌజరు ఈ మూడు భాషలను స్వయముగా చదువగలదు. చదివి, అర్థము చేసికొని, తెరపై బొమ్మ కట్టును. బొమ్మను కదలించవలసి వచ్చినచో సాధారణముగా సెకనుకు 60 పర్యాయములు కొత్తగా గీయును.

మొదటి దినములలో బ్రౌజరునకు ఇంత శక్తి లేదు. అక్షరములను, నిశ్చల చిత్రములను చూపుట దాని ముఖ్యమైన పని. బొమ్మలు కదలవలెనన్న ప్లగిన్ అను అదనపు భాగమును వేరుగా తెచ్చి బ్రౌజరునకు తగిలించవలసి వచ్చెడిది. ఫ్లాష్ అట్టి ప్లగిన్లలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఇది 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ అను పేర వెలువడి, ఆ ఏటి చివరనే మాక్రోమీడియా కంపెనీ చేతికి వచ్చి, 2005లో ఆ కంపెనీతోపాటు అడోబీ వశమాయెను. ఫ్లాష్ బొమ్మలను చుక్కలుగా గాక రేఖలుగా, వక్రములుగా లెక్కవేసి దాచెడిది. ఒక వృత్తమును వేలాది చుక్కలుగా దాచుటకు బదులు, కేంద్రము ఇది, వ్యాసార్ధము ఇంత అని వ్రాసికొన్నట్లే. అందువలన ఫైళ్ళు మిక్కిలి చిన్నవై, టెలిఫోను తీగపై మెల్లగా వచ్చు ఆనాటి ఇంటర్నెట్టుకు సరిపోయెను.

అయితే ఫ్లాష్ ఆటను ఆడునప్పుడు బ్రౌజరు ఏమి చేయుచుండెను? పుటలో ఇంత పొడవు, ఇంత వెడల్పు గల ఖాళీ స్థలమును వదలి, లోపల జరుగు దానిని ప్లగిన్‌కు అప్పగించుచుండెను. లోపలి బొమ్మ ఎద్దో గుఱ్ఱమో దానికి తెలియదు. మన గ్రామములకు తోలుబొమ్మలాటవారు వచ్చినప్పుడు తమ తెరను, తమ దీపమును, తమ బొమ్మలను తామే తెచ్చుకొందురు. గ్రామము ఇచ్చునది నాలుగు గజముల నేల. ఆట మన ఊరిలోనే జరిగినది గాని దానిని ఆడించినవారు ఊరివారు కారు. ఆ బృందము రాకపోకలు మానినచో ఊరు నిలిచియుండును, ఆట నిలువదు. 2021లో జరిగినది సరిగా ఇదియే.

ఇందువలన ఫ్లాష్ ఆటలు తక్కువవని ఎవరును భావింపరాదు. బెనెట్ ఫాడీ 2008లో చేసిన ‘క్వాప్’ అను ఆటను చూడుడు. అందులో ఒక పరుగు పందెగాడు ఉండును. క్యూ, డబ్ల్యు అను మీటలు వాని తొడలను, ఓ, పి అను మీటలు పిక్కలను కదలించును. నాలుగు మీటలే గదా అని మొదలుపెట్టినవాడు రెండడుగులు వేయకముందే పల్టీ కొట్టును. నడక అను సామాన్య క్రియలో ఎన్ని కండరముల సమన్వయము దాగియున్నదో ఇంత హాస్యముగా చూపిన ఆట మరియొకటి లేదని నా అభిప్రాయము. జీవశాస్త్రపు తరగతిలో చూపదగినది. అయినను అది పుట్టినప్పుడు ఫ్లాష్ ఆట; బ్రౌజరు దానికి చావడి మాత్రమే.

ఈ తేడా పండితులకు మాత్రమే పట్టునదని కొందరు అందురు. కాని 2007లో వెలువడిన ఐఫోను ఫ్లాషును ఎన్నడును అంగీకరింపలేదు. స్టీవ్ జాబ్స్ 2010 ఏప్రిల్‌లో అందుకు గల కారణములను బహిరంగముగా వ్రాసెను. దానిలో బ్రౌజరు లేకపోలేదు. మంచి బ్రౌజరే ఉన్నది. అయినను ‘బ్రౌజరు ఆట’ ఆడబోయిన వానికి ఖాళీ స్థలము కనిపించెడిది. తరువాత 2015లో గూగుల్ వారి క్రోమ్ బ్రౌజరు పాత పద్ధతి ప్లగిన్లను పూర్తిగా తొలగించగా, జావా ఆటలకును, యూనిటీ వెబ్ ప్లేయరుపై నడచు ఆటలకును ఆ బ్రౌజరులో చోటు లేకపోయెను. ఈ హెచ్చరికలు విన్నవారు తక్కువ.

కావున నిర్వచనమును ఇట్లు మార్చవలెనని నా ప్రతిపాదన: ఆటగాడు చిరునామా తప్ప మరేమియు సమకూర్చుకొననక్కరలేక, ఆట నియమములను, బొమ్మలను బ్రౌజరు తన సొంత భాషలలో చదివి ఆడించగలిగినచో అది బ్రౌజరు ఆట. పాత దేవాలయ మండపములలోని బండలపై పులిజూదపు గీతలు చెక్కియుండుట చదువరులలో పెక్కుమంది చూచియుందురు. అక్కడ కూర్చున్నవారు పలకను మోసికొని రానక్కరలేదు. నాలుగు గులకరాళ్ళు చాలును. నేలయే ఆటకు పలక. బ్రౌజరు ఆ బండ వంటిది కావలెను.

ఈ గీటురాయిపై కొన్ని ఉదాహరణములను గీచి చూతము. క్రోమ్ బ్రౌజరులో ఇంటర్నెట్టు తెగిపోయినప్పుడు ఒక చిన్న డైనోసారు బొమ్మ కనిపించును. స్పేస్ మీట నొక్కినచో అది పరుగెత్తును. ముళ్ళచెట్లు అడ్డము వచ్చినప్పుడు దుమికించవలెను. 2014లో చేర్చిన ఈ ఆటను నెలకు 27 కోట్ల పర్యాయములు ఆడుచున్నారని 2018లో గూగుల్ వారు తెలిపిరి. ఇంటర్నెట్టు నిలకడగా లేని లేదా ఖరీదైన దేశములలో, మన దేశములో కూడ, ఇది ఎక్కువట. పాఠశాలలలోను కార్యాలయములలోను దీనిని ఆపివేయుటకు నిర్వాహకులకు ప్రత్యేకముగా ఒక ఏర్పాటు చేయవలసి వచ్చెననగా, విద్యార్థుల ఉత్సాహము తెలియుచున్నది! బ్రౌజరు ఆట అనగా ఇంటర్నెట్టు ఆట అని తలచువారికి ఇది చిక్కు ప్రశ్న. వెబ్ ఉన్నంతసేపు ఇది కంటబడదు, వెబ్ పోయినప్పుడే ప్రత్యక్షమగును. కాని మన నిర్వచనమునకు చిక్కు లేదు. ఆటను బ్రౌజరే ఆడించుచున్నది. ఇంతకు మించిన బ్రౌజరు ఆట ఉండదు.

దీనికి వ్యతిరేకమైనది క్లౌడ్ పద్ధతి ఆట. ఎన్‌విడియా వారి జీఫోర్స్ నౌ వంటి సేవలలో మిక్కిలి బరువైన ఆటలు ఎక్కడనో ఉన్న పెద్ద కంప్యూటరులో నడచును. ఆటగాని బ్రౌజరునకు వచ్చునది ఆ కంప్యూటరు తెరయొక్క వీడియో. ఆటగాడు నొక్కిన మీటలు తిరిగి అక్కడికి పోవును. గూగుల్ వారి స్టేడియా 2019 నవంబరులో ఇట్లే ప్రారంభమై 2023 జనవరి 18న మూతపడెను. ఇందులో ఆటగాడు ఏమియు స్థాపించనక్కరలేదు; చిరునామా చాలును. స్థాపన అక్కరలేకపోవుటయే లక్షణము అనువారు దీనిని కూడ బ్రౌజరు ఆట అనవలసి వచ్చును. కాని ఇక్కడ బ్రౌజరు దూరదర్శని పెట్టె చేయు పనినే చేయుచున్నది. క్రికెట్టు పోటీ టెలివిజనులో కనిపించినంత మాత్రమున అది టెలివిజను ఆట కాదు గదా.

ఈ సందర్భమున ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. సర్వరుపై ఆధారపడు ఆటలన్నియు అప్పుడు బ్రౌజరు ఆటలు కాకపోవునా? 2015లో బ్రెజిల్ యువకుడు మాథ్యూస్ వలదారెస్ చేసిన ‘అగార్.ఐఓ’ ఇందుకు తగిన పరీక్ష. పళ్ళెములో సూక్ష్మజీవులవలె గుండ్రని కణములు తిరుగుచుండును. పెద్దది చిన్నదానిని మ్రింగును. జీవశాస్త్ర ప్రయోగశాలలలో వాడు అగార్ జిగురునుండియే ఈ పేరు వచ్చెను. ఎందరో ఒకేసారి ఆడుదురు గనుక ఎవరు ఎవరిని మ్రింగిరో సర్వరే తీర్పు చెప్పవలెను. లేనిచో ప్రతి ఆటగాడు తానే గెలిచితిననును. అయినను సర్వరునుండి బ్రౌజరునకు వచ్చునది చిత్రము కాదు, సంఖ్యలు. ఫలాని కణము ఇక్కడ ఉన్నది, దాని పరిమాణము ఇంత అని మాత్రమే. ఆ సంఖ్యలనుండి వృత్తములను గీయునది, ఆటగాని చూపుకు తగినట్లు అమర్చునది బ్రౌజరు. క్లౌడ్ ఆటలో బ్రౌజరునకు వృత్తమన్న సంగతియే తెలియదు. ఉత్తరముల ద్వారా చదరంగము ఆడువారు ఎత్తును మాత్రమే వ్రాసి పంపుకొందురు. పలక ఇరువురి యిండ్లలోను ఉండును. అగార్.ఐఓ ఆ కోవకు చెందినది. సంఖ్యలు వచ్చుచున్నవా, చిత్రము వచ్చుచున్నదా అని అడిగినచో చాల సందేహములు తీరును.

ఇక బ్రౌజరు స్వభావమును ఎరిగి చేసిన ఆటలను గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను. 2014 మార్చిలో ఇటలీకి చెందిన 19 ఏండ్ల గాబ్రియేల్ చిరుల్లి ‘2048’ అను ఆటను చేసి, దాని ప్రోగ్రామును ఎవరైనను చూచుటకు, మార్చుకొనుటకు వీలుగా బహిరంగముగా ఉంచెను. నాలుగు అడ్డువరుసలు, నాలుగు నిలువు వరుసలు; సమానమైన రెండు సంఖ్యలు తాకినచో కలిసి రెట్టింపగును. 2 నుండి 2048 చేరుటకు పది రెట్టింపులు కావలెను, అనగా 2 యొక్క 11వ ఘాతము. ఘాతాంకములను బోధించు ఉపాధ్యాయులకు ఇది చేతికందిన పాఠము. దానిని చూచి ఎందరో తమతమ మార్పులతో రూపాంతరములు చేసిరి. ఇది ప్లగిన్ ఆటలలో సులభము కాదు. బ్రౌజరు భాషలు చదువదగిన అక్షరములే గనుక ఆటతో పాటు ఆట రహస్యము కూడ ఆటగాని ఇంటికే వచ్చుచున్నది.

ఈ గుణము ‘వర్డిల్’ విషయములో మరింత స్పష్టముగా బయటపడెను. జాష్ వార్డిల్ తన సహచరి కొరకు చేసిన ఈ పదక్రీడ 2021 అక్టోబరులో అందరికిని తెరువబడెను. ఐదు అక్షరముల ఇంగ్లీషు పదమును ఆరు ప్రయత్నములలో ఊహించవలెను. దినమునకు ఒక్క పదము. ఆ నవంబరు 1వ తేదీన ఆడినవారు 90 మంది. రెండు నెలలు గడచునప్పటికి దినమునకు మూడు లక్షలు దాటిరి. 2022 జనవరి చివర న్యూయార్క్ టైమ్స్ పత్రిక దానిని కొన్నది. ఇంతమంది ఒకే దినమున ఒకే పదమును ఊహించుటకు పెద్ద యంత్రాంగము ఉండవలెనని తోచును. కాని అట్టిదేమియు లేదు. రమారమి 2,300 జవాబు పదముల పట్టిక అంతయు ఆ పుటలోనే ఉండెడిది. బ్రౌజరు నేటి తేదీనుండి 2021 జూన్ 19వ తేదీని తీసివేసి, వచ్చిన సంఖ్యను బట్టి పట్టికలో పదమును ఎన్నుకొనెడిది. ఆటగాని జయాపజయముల లెక్కలు కూడ వాని బ్రౌజరులోనే భద్రపడెడివి. పత్రిక కొన్న వార్త విని, ఇక రుసుము పెట్టుదురేమో అని భయపడిన కొందరు ఆ పుటను తమ కంప్యూటరులో దాచుకొనిరి. దాచుకొన్న పుట ఏండ్ల తరబడి ప్రతిదినము ఒక కొత్త పదము ఇయ్యగలదు. ఏ ఫ్లాష్ ప్లేయరును, ఏ సర్వరును అందుకు అక్కరలేదు. మోసము చేయదలచినవాడు రేపటి పదమును కూడ చూడగలిగెడివాడు, అది వేరు విషయము.

తెలుగులో ఇట్టి పదక్రీడ చేయబూనినవారికి ఒక సంగతి ఉపయోగపడును. ‘స్త్రీ’ అనునది మనకు ఒక్క అక్షరము. కంప్యూటరులో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి అను ఆరు సంకేతముల వరుస. ఈ ఆరింటిని కలిపి ఒకే అక్షరముగా అల్లి చూపు పని బ్రౌజరే చేయును. ఆట వ్రాయువాడు ఒత్తులను గీయుట నేర్వనక్కరలేదు. కాని గడులలో నింపునప్పుడు సంకేతములను లెక్కించినచో ఒక్క ‘స్త్రీ’కి ఆరు గడులు పోవును. అక్షరములను లెక్కించుట ఆట వ్రాయువాని బాధ్యత. బ్రౌజరు ఎంతవరకు చేయును, మనము ఎక్కడనుండి చేయవలెను అనుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

ఫ్రాన్సుకు చెందిన జూలియన్ త్యెనో 2013 ఆగస్టులో వెలువరించిన ‘కుకీ క్లికర్’ మరియొక మార్గమును త్రొక్కెను. ఒక పెద్ద బిస్కత్తును నొక్కుచుండుటయే ఆట. కొంత కూడిన తరువాత అవ్వలను, పొలములను, కర్మాగారములను కొనవచ్చును. అవి మనము నొక్కకపోయినను బిస్కత్తులు చేయుచుండును. లెక్క ఎంత వచ్చినది బ్రౌజరు పైభాగమున ఉండు శీర్షికలోనే కనిపించును. అనగా మనము మరియొక పుటలో పాఠము చదువుకొనుచుండగా కూడ ఆట కనుసన్నలలో సాగుచుండును. ఇది తెరనంతటిని ఆక్రమించు ఆటకు సాధ్యము కాదు. పాఠము సంగతి ఏమగునని ఉపాధ్యాయులు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినను బ్రౌజరు అమరికను ఆటలో భాగముగా మలచుకొన్న నేర్పును మెచ్చుకొనక తప్పదు. 2021లో ఇదే ఆట కంప్యూటరులో స్థాపించుకొను రూపమున అమ్మకమునకు వచ్చెను. దాని లోపల దాగియున్నది మరల ఒక బ్రౌజరు యంత్రమే! ఇది సరిహద్దుపై నిలిచిన ఉదాహరణము. ఆడించునది బ్రౌజరు జాతియే గాని, చిరునామా ఒక్కటే చాలదు గనుక దీనిని నేను బయటనే ఉంచుదును. ఇతరులు లోపల ఉంచవచ్చును.

బ్రౌజరు ఆటలు చిన్నవి, బొమ్మలు పేలవమైనవి అను మాట తరచు వినవచ్చును. ఇది ఒకప్పుడు నిజము. త్రిపరిమాణ చిత్రములకు వెబ్‌జీఎల్ 2011లోను, ప్రోగ్రాములను యంత్రభాషకు దగ్గరగా నడుపు వెబ్ అసెంబ్లీ 2017లోను ముఖ్యమైన బ్రౌజరులలోనికి వచ్చిన తరువాత ఆ మాటకు బలము తగ్గెను. మిగిలిన పరిమితి వేరు: అపరిచితమైన పుట మన కంప్యూటరులోని ఫైళ్ళను తాకకుండ బ్రౌజరు దానిని కంచెలో ఉంచును. ఈ కంచె ఉన్నందుననే ముక్కు మొగము తెలియని వాని ఆటను మనము నిర్భయముగా తెరవగలుగుచున్నాము.

విజ్ఞాన బోధకులకు ఇందులో మరియొక పాఠమున్నది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున, నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ‘ఫెట్’ ప్రయోగ నమూనాలు ఆటలను పోలియుండును: లోలకమును ఊపవచ్చును, విద్యుద్వలయమును కట్టవచ్చును. మొదట వీనిని జావాలోను, ఫ్లాషులోను వ్రాసిరి. ఆ రెండింటి దారి మూసికొనిపోవుచుండగా, బ్రౌజరు భాషలలో ఒక్కొక్కటిగా తిరిగి వ్రాయవలసి వచ్చెను. కొత్తగా వ్రాసినవానిని ఒక్కొక్క ఫైలుగా దింపుకొని, ఇంటర్నెట్టు లేని తరగతి గదిలో కూడ బ్రౌజరులో తెరువవచ్చును. శ్రమకు ఓర్చి తిరిగి వ్రాసినవారున్నారు గనుక అవి దక్కినవి. ఒంటరిగా ఒక ఆట చేసి పోయినవారి ఫ్లాష్ ఫైళ్ళను తిరిగి వ్రాయువారెవరు?

దీనికి దొరికిన ఉపాయము మన నిర్వచనమును చిత్రమైన పరీక్షకు గురిచేయుచున్నది. రఫిల్ అను ప్రోగ్రామును రస్ట్ భాషలో వ్రాసి, వెబ్ అసెంబ్లీగా మార్చిరి. అది ఫ్లాష్ ప్లేయరును అనుకరించును. పుటతో పాటే అదియు వచ్చును. ఆటగాడు తగిలించవలసినది ఏదియు లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అను గ్రంథాలయము 2020 నవంబరులోనే దీని సాయమున పాత ఫ్లాష్ ఆటలను ప్రదర్శింప మొదలిడెను. ఫైలులో ఒక్క బిట్టయినను మారలేదు. అయినను నిన్న చావడిలో బస చేసిన ఆటను నేడు బ్రౌజరే ఆడించుచున్నది. బొమ్మలాట బృందము వెడలిపోయిన తరువాత ఊరివారే ఆ బొమ్మలను పట్టి ఆడించుట నేర్చినట్లయినది. ఒక ఆట బ్రౌజరు ఆట అగుట ఆ ఫైలునకు పుట్టుకతో వచ్చిన గుణము కాదనియు, ఫైలునకును బ్రౌజరునకును గల సంబంధమనియు దీనివలన తేలుచున్నది. కనుక నా నిర్వచనములో ‘నేడు’ అను మాటను కూడ చేర్చవలెను.

ఫ్లాష్ ప్రోగ్రాము భాషలో తొలి తరమునకు చెందిన ఆటలు రఫిల్‌లో చక్కగా నడచుచున్నవి. తరువాతి తరపు భాషను పూర్తిగా అనుకరించు పని ఇంకను సాగుచున్నది. కాని కొన్నింటికి ఈ పని పూర్తియైనను ఫలము లేదు. జింగా కంపెనీ 2009లో ఫేస్‌బుక్కుపై ప్రారంభించిన ‘ఫార్మ్‌విల్’ను కోట్లమంది ఆడిరి. ఫ్లాష్ ముగిసిన 2020 డిసెంబరు 31నే అదియు మూతపడెను. దాని బొమ్మల ఫైళ్ళు దొరకవచ్చును, రఫిల్ వానిని చదువవచ్చును. కాని ఎవరి పొలములో ఏ పైరు వేసిరో, ఎప్పుడు కోతకు వచ్చునో వ్రాసియున్న లెక్క కంపెనీ సర్వరులలో ఉండెను. ఆ సర్వరులను ఆపివేసిరి.